కంటి శుక్లము



ఇంద్రియములన్నింటిలోను నేత్రమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. ఐనను ఆ నేత్రమునకు మాంద్యము కలిగినప్పుడు పెద్దలమైన మనమే అందఱికంటె ఎక్కువ ఉపేక్ష చేయుచుందుము. "అఱువది దాటినవి, చూపు తగ్గక యేమగును?" అని మనకు మనమే సమాధానము చెప్పుకొందుము. కాలిలో ముల్లు విఱిగిన నాడు పడు తొందరలో పదియవ వంతైనను కన్ను మసకబాఱిన నాడు పడము. ఈ యుపేక్ష వలన ఎందఱో వృద్ధులు, తిరిగి రాదగిన చూపును రాకుండ చేసికొని, గోడ పట్టుకొని నడచుచు కాలము గడపుచున్నారు. కావున నేటి ప్రసంగమునకు కంటి శుక్లమును విషయముగా గైకొన్నాను.

నేను వైద్యుడను గాను. బడిలో పిల్లలకు వ్యాకరణమును, కావ్యములను చెప్పి విశ్రాంతి పొందినవాడను. నేత్రవైద్యనిపుణులు తమ యొద్దకు వచ్చు రోగులకు బోధించు విషయముల సారమును మన పల్లెలలో వాడుకగా నున్న మాటలలో మీకు విన్నవించుటయే నా పని. వైద్యుడు చెప్పిన మాట రోగికి తెలియకపోవుట చేతను, తెలియనిదానిని మరల అడుగుటకు సంకోచించుట చేతను కలుగు నష్టము రోగము వలన కలుగు నష్టమునకు తీసిపోదు.

శుక్లమనగా తెలుపు. కనుపాపలో తెల్లని మచ్చ కనబడుటచే ఈ వ్యాధికి ఆ పేరు వచ్చినది. హైదరాబాదు వైపున దీనినే మోతిబిందు అందురు. అనగా ముత్యపు చుక్క. పేరులు చక్కనివే గాని, ఆ తెలుపు పైకి కనబడు నాటికి వ్యాధి చాల దూరము వచ్చినదని యెఱుగవలెను.

కంటి నిర్మాణమును కొంచెము తెలిసికొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును. నల్లగుడ్డు నడుమ కనుపాప యను రంధ్రము కలదు. వెలుతురు ఆ రంధ్రము గుండ లోనికి పోవును. దాని వెనుక మసూరపప్పు ఆకారమున నొక చిన్న కటకము కలదు. దీనినే డాక్టరులు లెన్సు అందురు. అడ్డముగా కొలిచినచో ఇంచుమించు 9 లేక 10 మిల్లీమీటర్లుండును. దాని చుట్టును పలుచని సంచి వంటి పొర యొకటి యుండును. కటకము వెలుతురును కూడదీసి, కంటి వెనుకనున్న నేత్రపటలముపై పడునట్లు చేయును. అచ్చటినుండి చూపునరము ఆ వార్తను మెదడునకు చేర్చును. ఈ వరుసలో ఏ యొక్కటి చెడినను చూపు చెడును. శుక్లమున చెడునది కటకము మాత్రమే. ఈ మాటను మనసున నుంచుకొనుడు.

వేసవిలో తాటిముంజలు తినని వారు మనలో లేరు. లేతముంజ నీటివలె తేటగా నుండును. ముదిరినకొలది తెల్లబడి గట్టిపడును. కంటిలోని కటకము స్థితియు నిట్టిదే. నీరును, మాంసకృత్తులును చేరి యేర్పడిన ఆ కటకము బాల్యమున తేటగా నుండి, వయస్సు వచ్చినకొలది పసుపువన్నె తిరిగి, మసకబాఱి, తుదకు తెల్లగనో గోధుమవన్నెగనో మాఱును. ఇంటిలో దీపము బాగుగనే వెలుగుచున్నను లాంతరు గాజుబుడ్డికి మసి పట్టినచో వెలుతురు తగ్గును గదా. అట్లే చూపునరము బాగుగనే యున్నను కటకము మసకబాఱినచో చూపు తగ్గును.

ఇచ్చట కొందఱు, "చుక్కలమందు వేసి కరగింపరాదా?" అని యడుగుదురు. కోడిగ్రుడ్డులోని తెల్లసొన పచ్చిగా నున్నప్పుడు తేటగా నుండును. ఉడికినపిదప తెల్లబడును. ఉడికిన సొనను మరల పచ్చిసొనగా మార్చు ఉపాయము లేదు. కటకములోని మాంసకృత్తులును ఒకసారి మాఱినపిదప పూర్వస్థితికి రావు. శుక్లమును కరగించునని నిరూపితమైన చుక్కలమందు గాని, లేహ్యము గాని, ఆకుపసరు గాని నేటి వఱకు లేదు. అట్లని చెప్పి అమ్మువారు మాత్రము ఎప్పుడును కలరు. వారికిచ్చిన ధనము పోయినను పోవుగాక. పోయిన కాలమే ప్రమాదము.

శుక్లముతో కలిపి పొరబడు వ్యాధులు కొన్ని కలవు. నలువది యేండ్లు దాటినపిదప దగ్గఱి యక్షరములు కనబడక, పుస్తకమును చేయి చాచి దూరముగా పట్టుకొని చదువుట చత్వారము. అది కటకము బిగుసుకొనుట వలన కలుగును. దానికి కండ్లద్దములే చాలును. కంటి మూలనుండి ఎఱ్ఱని కండ పెరిగి నల్లగుడ్డు మీదికి ప్రాకుట వేఱొక వ్యాధి. అది కంటిపైన పెరుగునదేగాని లోనిది కాదు. మూడవది అన్నిటికంటె భయంకరమైనది. దానిని గ్లాకోమా అందురు, తెలుగున నీటికాసులు అందురు. ఇందు తఱచుగా కంటిలోని ద్రవపు ఒత్తిడి పెరిగి చూపునరము క్రమముగా చచ్చును. మొదట ప్రక్కచూపు పోవును. ఎదుటి మనిషి ముఖము కనబడుచునే యుండును గాన రోగికి తెలియదు. శుక్లము వలన పోయిన చూపు శస్త్రచికిత్సతో తిరిగి వచ్చును. నీటికాసుల వలన పోయిన చూపు ఎన్నటికిని తిరిగి రాదు. ఉన్నదానిని నిలుపుకొనుట మాత్రమే సాధ్యము. కావున "నాకున్నది శుక్లమే" అని తనంతట తాను నిర్ణయించుకొని యింట కూర్చుండువాడు మిక్కిలి సాహసము చేయుచున్నాడు. చక్కెరవ్యాధి కలవారికి నేత్రపటలమే చెడవచ్చును. ఈ భేదమును తేల్చుటకు కనుపాపను మందుతో పెద్దది చేసి లోపల చూడగల వైద్యుడు కావలెను.

శుక్లమునకు ముఖ్యకారణము వార్ధక్యము. చక్కెరవ్యాధి కలవారికిని, పొగాకు త్రాగువారికిని ఇది ముందుగా వచ్చును. ఎక్కువకాలము ఎండలో శ్రమించుట, కంటికి దెబ్బ తగులుట, స్టీరాయిడు మందులను వైద్యుని పర్యవేక్షణ లేక చాలకాలము వాడుట కూడ కారణములే. కీళ్లనొప్పులకును, ఉబ్బసమునకును పేరు లేని పొట్లముల మందు తెచ్చి మ్రింగువారు దీనిని గుర్తింపవలెను. అట్టి పొట్లములలో స్టీరాయిడు కలిసియుండుట కలదు.

ఇక లక్షణములు. నొప్పి యుండదు, ఎఱుపు యుండదు. పొగమంచు కమ్మినట్లుండును. రాత్రివేళ ఎదురుగా వచ్చు బండి దీపములు కన్నులలో చెదరి మిఱుమిట్లు గొలుపును. రంగులు వెలిసినట్లు తోచును. ఒక కన్ను మూసికొని చూచినను చంద్రుడొక్కడే ఇద్దఱుగా కనబడవచ్చును. కండ్లద్దములు మాటిమాటికి మార్చవలసి వచ్చును. వింతయైన లక్షణ మొకటి కలదు. కొందఱు వృద్ధులకు, ఏండ్ల తరబడి అద్దములు లేనిదే చదువలేనివారికి, ఉన్నట్టుండి అద్దములు లేకయే దగ్గఱి యక్షరములు కనబడును. "నాకు చూపు తిరిగి వచ్చినది" అని వారు సంతోషింతురు. అది శుక్లము గట్టిపడుచు కటకము శక్తి మాఱుట వలన కలిగిన భ్రమ. ఆ సంతోషము కొలదికాలమే.

ఇంటిలోనే చేసికొనదగిన పరీక్ష యొకటి చెప్పెదను. ఒక కంటిని అరచేతితో మూసికొని, దూరమునున్న గుడిగోపురమునో గోడమీది క్యాలెండరునో చూడుడు. పిదప రెండవ కంటితో చూడుడు. రెండు కన్నులు తెఱచియున్నప్పుడు మంచి కన్ను చెడ్డ కంటి లోపమును కప్పిపుచ్చును. ఒక కన్ను పోయినదని ఏడాదికిగాని తెలియనివారు కలరు.

మన శాస్త్రములలో ఈ వ్యాధి ప్రసక్తి ప్రాచీనకాలమునుండియు కలదు. ఆయుర్వేదమున తిమిరము, కాచము, లింగనాశము అని క్రమముగా ముదురు అవస్థలను వర్ణించిరి. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున లింగనాశమునకు శలాకతో చేయు శస్త్రచికిత్స విధింపబడినది. కుడికంటిని ఎడమచేతితోను, ఎడమకంటిని కుడిచేతితోను వేధింపవలెననియు, పిదప నేతితో తడిపి వస్త్రముతో కట్టుకట్టి రోగిని వెల్లకిల పరుండబెట్టవలెననియు, తుమ్ము దగ్గులు కూడదనియు అందు చెప్పబడినది. అంత ప్రాచీనకాలమున అంత సూక్ష్మముగా ఆలోచించిన మహనీయులకు నమస్కారము. ఐనను ఆ సంప్రదాయమున తరువాతివారు చేయుచు వచ్చిన పని, మసకబాఱిన కటకమును సూదితో కంటి లోపలికే త్రోసివేయుట. అడ్డు తొలగుటచే వెంటనే వెలుతురు కనబడెడిది. కటకము మాత్రము కంటిలోనే యుండి వాపును, ఒత్తిడిని, చీమును కలిగించి అనేకుల కన్నులను శాశ్వతముగా చెఱచెడిది. ఊరూర తిరుగు సూదివైద్యులు, రోగి సంతోషించుచున్న నాడే రుసుము పుచ్చుకొని మఱునాటికి ఊరు దాటెడివారు. 1819లో స్థాపింపబడిన మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు, ఇరువదియవ శతాబ్దారంభమున అధికారిగా నుండిన ఎలియట్ అను వైద్యుడు అట్టి కన్నుల ననేకము పరీక్షించి, ఆ పద్ధతిని గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. శాస్త్రమందు గౌరవ ముంచుట వేఱు, శాస్త్రము మెఱుగుపడినపిదపను పాతపద్ధతినే పట్టుకొని వ్రేలాడుట వేఱు. సుశ్రుతుడు నేడున్నచో నేటి సాధనమునే చేత బట్టియుండును.

చెడిన కటకమును త్రోయక బయటికి తీసివేయు పద్ధతిని 1747లో ఫ్రాన్సు దేశపు దావియేల్ అను వైద్యుడు ప్రారంభించెను. ఇది గొప్ప మేలు. కాని కటకము తీసిన కంటికి వెలుతురును కూడదీయు శక్తి లేదు గాన రోగులు సోడాబుడ్డి కండ్లద్దములు పెట్టుకొనవలసి వచ్చెడిది. మనలో పెద్దవయస్సు వారికి తాతల ముక్కులపైని ఆ బరువైన అద్దములు జ్ఞాపకముండును. అవి లేనిదే వారు గడప దాటలేకపోయెడివారు.

ఆ కొఱతను తీర్చినవాడు ఇంగ్లాండు దేశపు హెరాల్డు రిడ్లీ. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల కిటికీలు పగిలి, అందలి ప్లాస్టిక్కు తునకలు కొందఱు విమానచోదకుల కన్నులలో గ్రుచ్చుకొన్నవి. ఆ తునకలు కంటిలోనే యున్నను కన్ను వానిని సహించెను. ఇది గమనించిన రిడ్లీ, ఆ జాతి ప్లాస్టిక్కుతో చిన్న కటకమును చేయించి, 1949 నవంబరు 29వ తేదీన లండను నగరమున నొక రోగి కంటిలో అమర్చెను. తోటివైద్యులు పెక్కుమంది ఆయనను చాలకాలము నిందించిరి. పిదప లోకమంతయు ఆయన మార్గమునే అనుసరించినది. 1967లో అమెరికాలో కెల్మన్ అను వైద్యుడు, పండ్లు శుభ్రపఱచు యంత్రమును చూచి పుట్టిన యూహతో, చెవికి వినరాని శబ్దతరంగములచే శుక్లమును పొడిచేసి సన్నని రంధ్రము గుండ పీల్చివేయు పద్ధతిని కనిపెట్టెను. దూరదేశముల నుండి వచ్చు కటకములను బీదలు కొనలేని కాలమున, 1992లో మదురలో అరవింద నేత్రవైద్యశాల వారు స్వయముగా కటకములను తయారుచేయ నారంభించిరి. దానితో ధర బాగుగ తగ్గి సామాన్యునకును అందుబాటులోనికి వచ్చినది.

ఇప్పుడు మన పల్లెలలో వేళ్లూనిన ఒక నమ్మకమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. "శుక్లము ముదరవలెను, అప్పుడే కోయవలెను" అని మనవారందురు. ఇది పూర్వకాలపు పద్ధతికి తగిన మాట. నాడు ముదిరినగాని కటకమును శుభ్రముగా వెలికిదీయుట కుదిరెడిది కాదు. నేటి పద్ధతి అట్టిది కాదు. ముంజ ఉపమానమునే మరల తలపుడు. లేతముంజ వ్రేలితో తీసిన వచ్చును. ముదురుముంజకు కత్తి కావలెను. శుక్లము రాతివలె గట్టిపడినచో శస్త్రచికిత్స కష్టతరమగును, కన్ను కోలుకొనుట ఆలస్యమగును. అంతేగాదు. మితిమీఱి ముదిరిన కటకము ఉబ్బి కంటిలోని ద్రవము పోవు దారిని మూయవచ్చును. లేదా కరగి కాఱి, లోపల మంట పుట్టింపవచ్చును. అప్పుడు కన్ను ఎఱ్ఱబడి, భరింపరాని నొప్పియు, వాంతియు కలిగి, కొలది దినములలో చూపునరమే చచ్చును. సులభముగా బాగుపడవలసిన కన్ను, ముదరవలెనని వేచియుండుటచేతనే శాశ్వతముగా చీకటి యగును.

మఱి ఎప్పుడు చేయించుకొనవలెను? నిపుణులు చెప్పు కొలమానము ఇది. నీవు చేసికొనదలచిన పనికి చూపు అడ్డు వచ్చుచున్నదా? చదువుట, వంట, పొలముగట్టున నడచుట, మనుమల ముఖములు పోల్చుకొనుట, వీనికి ఆటంకము కలిగినప్పుడే తగిన సమయము. చలికాలమే రావలెనను నియమమును లేదు. శుభ్రమైన వైద్యశాలలో ఏ ఋతువునందైనను చేయవచ్చును.

శస్త్రచికిత్స యనగానే "కన్ను పెఱికి బల్లపై పెట్టుదురట" అని భయపడువారు కలరు. కంటిని పెఱుకుట యన్నది లేనేలేదు. జరుగు క్రమము వినుడు. ముందుగా రక్తపు పోటును, రక్తమందలి చక్కెరను, కంటి యొత్తిడిని పరీక్షింతురు. కన్నీటిసంచిలో చీము లేకుండ చూతురు. కంటి పొడవును కొలిచి అమర్చవలసిన కటకపు శక్తిని లెక్కగట్టుదురు. మీరు వాడు మందులన్నియు తప్పక చెప్పవలెను. రక్తము పలుచబడుటకు వాడు మందును, ముఖ్యముగా మగవారు మూత్రము సాఫీగా వచ్చుటకు వాడు మందును దాచరాదు. ఈ రెండవదాని వలన శస్త్రచికిత్సవేళ కనుపాప తగినట్లు విచ్చుకొనకపోవచ్చును. ముందుగా తెలిసినచో వైద్యుడు తగిన జాగ్రత్త పడును.

ఆనాడు కంటికి చుక్కలమందుతోగాని, కంటి ప్రక్కన సూదిమందుతోగాని స్పర్శ లేకుండ చేయుదురు. రోగి మెలకువగనే యుండును. నల్లగుడ్డు అంచున చిన్న గాటు పెట్టి, కటకపు సంచికి ముందువైపున ద్వారము చేసి, లోపలి మసకబాఱిన పదార్థమును తీసివేయుదురు. సంచి వెనుకభాగమును అట్లే యుంచి, అందులో క్రొత్త కటకమును అమర్చుదురు. యంత్రముతో చేసినచో గాటు రెండు మూడు మిల్లీమీటర్లే. చేతితో చేసినచో కొంత పెద్దది. రెండు విధములను సాధారణముగా కుట్లు అక్కఱలేదు. నేర్పరి చేతిలో రెండును మంచి ఫలితము నిచ్చును. పెక్కుమందికి అరగంట లోపుననే ముగియును. తఱచుగా ఆనాడే యింటికి పంపుదురు. అమర్చిన కటకము జీవితాంతము పనిచేయును.

తరువాతి జాగ్రత్త రోగిది, ఇంటివారిది. చెప్పిన చుక్కలమందును చెప్పినన్ని దినములు, చేతులు సబ్బుతో కడుగుకొని వేయవలెను. కంటిని నులుమరాదు. చెప్పిన గడువు దాటువఱకు కంటిలో నీరు పడనీయరాదు. పొయ్యి పొగను, కళ్లపు దుమ్మును తప్పించుకొనవలెను. బరువులెత్తరాదు. చనుబాలు, ఆముదము, తేనె, ఆకుపసరు, ఏదియు కంటిలో పోయరాదు. పథ్యమని అన్నము మాన్పించి వృద్ధుని క్షీణింపజేయుట తగదు. చక్కెరవ్యాధి కలవాడు తన నియమమును పాటించిన చాలును. అన్నిటికంటె ముఖ్యమైనది వినుడు. శస్త్రచికిత్స జరిగినపిదప కన్ను నొప్పి పెరుగుట, ఎఱుపు హెచ్చుట, చీము కాఱుట, వచ్చిన చూపు తగ్గుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను తెల్లవారనిమ్మని ఆగరాదు. ఆ క్షణముననే వైద్యశాలకు పోవలెను. ఇట్టి అపాయము అరుదు. వచ్చినప్పుడు మాత్రము గంటల లెక్కన కన్ను పోవును.

కొన్ని నెలలకో, ఏండ్లకో చూపు మరల మసకబాఱినచో "శుక్లము తిరిగి పెరిగినది, డాక్టరు సరిగా చేయలేదు" అని కొందఱు నిందింతురు. తీసివేసిన కటకము మరల పుట్టదు. మిగిల్చిన సంచి వెనుకపొర మాసియుండును. లేసరు కిరణముతో కొలది నిమిషములలో, కోత లేకుండ, దానిని సరిచేయుదురు.

వైద్యుని యెదుట మనవారు తలయూపి వచ్చి, వీధిలోనికి రాగానే "ఏమి చెప్పినాడు?" అని తోడు వచ్చినవానిని అడుగుదురు. ఇది మానవలెను. చదువు వచ్చిన కుఱ్ఱవానిని వెంట బెట్టుకొని పోయి, ఈ ప్రశ్నల నడుగుడు. నా మసకకు కారణము శుక్లమొక్కటేనా? చూపునరము, నేత్రపటలము బాగుగనున్నవా? చేయించుకొన్న పిదప ఎంత చూపు ఆశింపవచ్చును? ఏ కటకము అమర్చెదరు, దాని ధర యెంత? చదువుటకు అద్దములు అవసరమగునా? రాత్రివేళ బాధ కలిగినచో ఎవరి నడుగవలెను? మామూలు కటకము దూరపుచూపునకు అమర్తురు గాన చదువుటకు అద్దములు సాధారణముగా కావలసియుండును. ఎక్కువ ధర కటకమే ఎక్కువ చూపు నిచ్చునని యెంచి అప్పు చేయనక్కఱలేదు. సందేహమున్నచో మఱియొక నిపుణుని కూడ అడుగుట అమర్యాద కాదు.

ధనము లేదను కారణమున చీకటిలో నుండనక్కఱలేదు. భారతప్రభుత్వము 1976లోనే అంధత్వనివారణ కార్యక్రమమును ఆరంభించినది. ప్రభుత్వ వైద్యశాలలలోను, ధర్మసంస్థల వైద్యశాలలలోను ఈ చికిత్స ఉచితముగా జరుగుచున్నది. 1987లో హైదరాబాదున స్థాపింపబడిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ పల్లెలలోను కంటిపరీక్షా కేంద్రములను నెలకొల్పినది. 2018లో తెలంగాణమునందును, 2019లో ఆంధ్రప్రదేశమునందును కంటివెలుగు అను పేర ఊరూర కన్నుల పరీక్షలు జరిగినవి. ఇన్ని యున్నను, 2015 మొదలు 2019 వఱకు దేశమున జరిగిన సర్వేలో, ఏబది యేండ్లు దాటినవారి అంధత్వమునకు మూడింట రెండు వంతుల కారణము చికిత్స జరుగని శుక్లమేయని తేలినది. వీరిలో అధికులు మరల చూడగలవారే.

మఱియొక మాట. ఇంటి యజమానికి చూపు తగ్గినచో నలుగురు గమనింతురు. ముసలితల్లికి తగ్గినచో ఎవరును గమనింపరు, ఆమెయు చెప్పదు. బియ్యములో రాళ్లు మిగిలిపోవుచున్నవని కోడలు విసుగుకొనును. సూదిలో దారమెక్కించుటకు ఆమె మనుమరాలిని పిలుచును. కొడుకుకు ఖర్చని, తీసికొనిపోవువారికి పనిచెఱుపని, "నాకేమి కనబడవలెను, ఎన్నాళ్లుందును?" అని ఆమె సరిపెట్టుకొనును. ఎన్నాళ్లున్నను ఆ నాళ్లు వెలుతురున గడుచుట మేలు గదా! చూపు లేక గడపపై జాఱిపడి తుంటియెముక విఱుగుట, ఒక శస్త్రచికిత్స కంటె ఎన్ని రెట్లో బాధాకరము, వ్యయకరము.

కావున ఈ ప్రసంగము వినినవారు, చదివినవారు, రేపు ప్రొద్దుననే తమ కన్నులను ఒక్కొక్కటిగా మూసి పరీక్షించుకొందురనియు, పిదప తమ యింటిలోని వృద్ధస్త్రీలచేతను అట్లే చేయింతురనియు ఆశించుచు, సెలవు గైకొనుచున్నాను.